జానెడు గట్టు

కొత్త చేపల షెడ్డు ఇనుప స్తంభానికి అంటించిన నోటీసు చదువుతున్నప్పుడు సుప్రియకి మొదట సంతోషమే కలిగింది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు గాని, ఉన్నమాట చెప్పాలంటే సంతోషమే. నోటీసు రెండో పేరాలో ఉన్న వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఆమె రాసినదే. "విక్రేతలలో అధిక శాతం మందికి నూతన సదుపాయాల పట్ల అవగాహన లోపం, మార్పు పట్ల విముఖత ఉన్నట్లు సర్వేలో వెల్లడైనది." తన మాటని అచ్చులో, కింద గుండ్రటి ముద్రతో సహా చూసుకోవడం ఇరవై మూడేళ్లలో అదే తొలిసారి.

ఆ సంతోషం మూడో పేరా దాకా ఉంది. "కావున, రాబోయే సోమవారం ఉదయం తనిఖీ నాటికి షెడ్డులో అమ్మకాలు ప్రారంభించని పన్నెండు మంది కేటాయింపులు రద్దు చేసి, ఇతర దరఖాస్తుదారులకు ఇవ్వబడును. రోడ్డు పక్కన అమ్మకాలు ఇకపై అనుమతించబడవు."

ఆ పన్నెండు మందీ రోడ్డుకి అవతల, కాలువ అంచున, రోజూ కూర్చున్నట్టే వరసగా కూర్చుని ఉన్నారు. పూడిమడక నుంచి పొద్దున్నే ఆటోల్లో దిగి, ఎండ నడినెత్తికి ఎక్కేదాకా అనకాపల్లి జనానికి చేపలు అమ్మి, కోసి ఇచ్చి వెళ్లే ఆడవాళ్లు. వాళ్ల కోసమే కట్టిన షెడ్డు ఇటుపక్క తళతళా మెరుస్తోంది. నడుమెత్తు గట్లు, వాటిమీద తెల్ల టైల్సు, కుళాయిలు, పైన రేకు, ఫ్యాన్లు. ప్రారంభోత్సవం జరిగి నెల దాటింది. రెండో నంబరు గట్టు కింద ఒక కుక్క కాపురం పెట్టింది. చివర్లో కాలువ పని మిగిలిపోయిన మేస్త్రీ అయ్యప్ప, అతని కూలీ తప్ప మనిషన్నవాడు అందులో కనిపించడు.

వాళ్లు ఎందుకు వెళ్లడం లేదో తేల్చి చెప్పమని మున్సిపల్ ఆఫీసువాళ్లు 'సహవాసం' అనే చిన్న సంస్థని అడిగారు. సోషల్ వర్కు రెండో ఏడు చదువుతూ ఆ సంస్థకి నెల్లాళ్ల ఫీల్డువర్కుకి వచ్చిన సుప్రియకి ఆ పని అప్పజెప్పారు. ఆమె ఇరవై మూడు ప్రశ్నల ఫారం తయారుచేసింది. ఒక్కొక్కరినీ "బుల్లమ్మగారూ", "అప్పలకొండమ్మగారూ" అని పిలిచి అడిగింది. గారు అన్నప్పుడల్లా వాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

నోటీసు ముందు ఆమె ఇంకా నిలబడి ఉండగానే బ్లీచింగు పొడి బస్తాతో శానిటేషన్ మనిషి వచ్చాడు. కాలువ అంచు వెంబడి దోసిళ్లతో చల్లుకుంటూ నడిచాడు. బుట్టల పక్కన చల్లలేదు, బుట్టలున్నచోటే చల్లాడు. బుల్లమ్మ బుట్ట లాక్కునేలోపే కవళ్ల మీద తెల్లటి పొడి పడింది. అవి చిన్న చేపలు, పొద్దుటి నుంచి తడిగుడ్డ కప్పి కాపాడుకున్నవి.

"నన్నేటి సెయ్యమంతావప్పా, పైనుంచి ఆర్డరు," అన్నాడతను మొహం తిప్పుకుని.

ఎవరూ అరవలేదు. పన్నెండు మందీ లేచి, బుట్టలు చంకనెత్తుకుని, అతను దాటి వెళ్లేదాకా నిలబడ్డారు. తర్వాత చెంబుల్తో నీళ్లు పోసి నేల కడిగి మళ్లీ కూర్చున్నారు. బుల్లమ్మ కవళ్లని ఒక్కొక్కటీ తీసి కడిగింది, కడగడానికి లొంగనివి కాలువలో పారేసింది. వాళ్లు ఆ పని చేసిన తీరు చూస్తే ఇది మొదటిసారి కాదని తెలుస్తూనే ఉంది.

అప్పుడే వరసకి మొదట్లో కూర్చునే అప్పలకొండమ్మ చెయ్యి ఊపి పిలిచింది. అరవై దాటిన మనిషి, ముక్కుకి రెండువైపులా పుడకలు, నోట్లో ఎప్పుడూ వక్క.

"పాపా, ఆ కాయితంలో ఏటి రాసేరో సదివి సెప్పు."

సుప్రియ చదివి చెప్పింది. మొదటి పేరా చదివింది, మూడో పేరా చదివింది. రెండోది వదిలేసింది.

"సోమారమా," అంది అప్పలకొండమ్మ. వక్క అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చుకుంది.

*

సహవాసం ఆఫీసు ఒక ఎరువుల దుకాణం మేడ మీద. రెండు బల్లలు, ఒక బీరువా, గోడ నిండా శిక్షణా తరగతుల ఫోటోలు. సంస్థ నడిపే మహేశ్వరరావు యాభై అయిదేళ్ల మనిషి, ఏం విన్నా ముందు టీ చెప్పి తర్వాత మాట్లాడతాడు. ఇప్పుడు కూడా టీ వచ్చేదాకా ఆగాడు.

"నా రిపోర్టు వాళ్ల మెడకి చుట్టుకుంది సార్," అంది సుప్రియ.

"నీ ఒక్కదాని రిపోర్టేటి? కింద నా సంతకం కూడా ఉంది కదా. ఇద్దరం కలిసే గడ్డి తిన్నాం."

"కలెక్టరుగారికి పిటిషన్ రాస్తాను. రాత్రికి డ్రాఫ్టు చేసేస్తాను."

"ఏమని రాస్తావు?"

"వాళ్లకి అన్యాయం జరుగుతోందని."

"అది సరే. వాళ్లు షెడ్డులోకి ఎందుకు వెళ్లట్లేదని రాస్తావు?"

మహేశ్వరరావు ఫైలులోంచి ఒక ఫారం లాగి కళ్లజోడు పెట్టుకున్నాడు. "పదిహేడో ప్రశ్న. షెడ్డులోకి మారకపోవడానికి కారణం. ఒకటి, అవగాహన లేకపోవడం. రెండు, పాత అలవాటు. మూడు, కొనుగోలుదారులు రారనే భయం. నాలుగు, కుటుంబ సభ్యుల అభ్యంతరం. ఐదు, ఇతరములు. ఇతరములు అని ఎంతమంది చెప్పేరు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"బతికుండగా మనిషన్నవాడెవడైనా ఇతరములు అని చెప్తాడా?"

సుప్రియకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. క్లయింటు స్వయం నిర్ణయ హక్కు గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల ఆమె. పన్నెండు మందితో మాట్లాడినప్పుడు వాళ్లు "నువ్వేది రాసుకుంతే అదేనమ్మా" అన్నారు, ఆమె ఒకటో రెండో టిక్కు పెట్టేసుకుంది. ఒక్కొక్కరికీ పావుగంట పట్టింది. అప్పట్లో త్వరగా అయిపోయిందని సంబరపడింది కూడా.

"రేపు మళ్లీ వెళ్లు," అన్నాడు మహేశ్వరరావు. "ఫారం తీసుకెళ్లకు. పెన్ను కూడా వద్దు. పని ఏదైనా చెప్తే చెయ్యి, లేకపోతే ఊరికే కూచో."

*

శుక్రవారం పొద్దున్న ఏడింటికి సుప్రియ కశింకోటలో షేర్ ఆటో ఎక్కి వచ్చి, అప్పలకొండమ్మ పక్కన నిలబడింది. ఆమె చేతిలో కాగితం లేకపోవడం చూసి వరస వరసంతా ఒకసారి తలెత్తి మళ్లీ పనిలో పడింది.

"ఏటి పాపా, అయిపోయినాయా నీ పెశ్నలు?"

"అయిపోయినాయి. ఊరికే వచ్చేను."

"ఊరికే వత్తే ఆ సెంబట్టుకో. నాను సెప్పినప్పుడు నీల్లొయ్యి."

అలా ఆమెకి ఉద్యోగం దొరికింది. పని చూస్తే నీళ్లు పొయ్యడమే గాని, ఎప్పుడు పొయ్యాలో, ఎంత పొయ్యాలో తెలుసుకునేసరికి గంట పట్టింది. ముందుగా పోస్తే బూడిద కొట్టుకుపోతుంది, బూడిద లేకపోతే చేప చేతిలోంచి జారుతుంది. ఆలస్యంగా పోస్తే ముక్కలకి పొలుసులు అంటుకుంటాయి. ఎక్కువ పోస్తే పక్కనున్న బుల్లమ్మ చాప కిందకి పారుతుంది. రెండుసార్లు అలాగే పారింది. రెండుసార్లూ బుల్లమ్మ చాప జరుపుకుంది.

అప్పలకొండమ్మ చిన్న చెక్కముక్క మీద గొంతుక్కూర్చుని, ముందు కత్తిపీట పెట్టుకుని, దాని పీట మీద కుడి పాదం వేసి తొక్కిపట్టేది. చీర మోకాళ్ల పైకి లాక్కుని మడిచి నొక్కుకునేది. కత్తి నిటారుగా, కదలకుండా నిలబడేది. రెండు చేతుల్తో చేపని పట్టుకుని కత్తికేసి తోస్తే చాలు, రెక్కలు, తోక, తల, తర్వాత పొట్ట. బలం చేతుల్లో లేదు, పాదంలో ఉంది. బొటనవేలు నొక్కినప్పుడు కత్తి నిలుస్తుంది, మడమ ఎత్తినప్పుడు కాస్త వదులవుతుంది. పెద్ద వంజరం వచ్చినప్పుడు ఒళ్లంతా ఆ పాదం మీదకే వాలేది. కొనేవాళ్లు ఎదురుగా నిలబడి పైనుంచి చూస్తూ "ముక్కలు సన్నగా" అనో, "తల నాకొద్దు" అనో చెప్పేవారు. సుప్రియ ఇవన్నీ చూసింది. చూసింది గాని, ఏం చూస్తోందో ఆమెకి ఇంకా తెలియలేదు.

ఎండ ఎక్కాక లేవబోతుంటే అప్పలకొండమ్మ రెండు పార చేపలు ఆకులో చుట్టి చేతిలో పెట్టింది.

"కొయ్యలేదు. మీయమ్మనే కోసుకోమను. కూలికొచ్చినోలకి సేపిత్తాం గానీ, కోతెవులిత్తారు?"

*

కశింకోట ఇంట్లో సుప్రియ తల్లి సత్యలక్ష్మి చేపలు చూసి మురిసిపోయింది. కిందటేడే వంటింట్లో నల్లరాతి గట్టు కట్టించుకున్నారు, దాని మీద స్టవ్వు, మిక్సీ. ఆ గట్టుని ఆవిడ రోజుకి మూడుసార్లు తుడుస్తుంది. అయినా సరే చేపలు పట్టుకుని, కత్తిపీట చంకలో పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

"అంత గట్టు పెట్టుకుని పెరట్లోకెందుకే అమ్మా?"

"గట్టు మీద కత్తిపీట పెడితే కాలెక్కడెయ్యమంతావే?" అంది సత్యలక్ష్మి, నేల మీద చతికిలబడుతూ. "ఆ నున్నటి రాయి మీద జారిందంటే సెయ్యి తెగిపోదేటి? పైకెక్కి కూకోనా ఏటి, సీర పైకెత్తుకుని, మీ నాన్న, మీ మావ అలా ఇలా తిరుగుతా ఉంతే? ఏటి సదువుతన్నావో ఏటో."

సుప్రియ గుమ్మంలోనే కూలబడింది. నెల రోజులుగా కళ్లెదురుగా ఉన్నది కళ్లకి కనిపించింది. నడుమెత్తు గట్టు. నున్నటి టైల్సు. కింద నిలబడి కోయాలంటే ఆ గట్టుమీద పెట్టిన కత్తిపీటని తొక్కిపట్టే పాదం ఉండదు. గట్టెక్కి కూర్చుంటే మోకాళ్లు వచ్చేపోయే మగవాళ్ల మొహాలకి ఎదురుగా ఉంటాయి. ఆ మాట షెడ్డు కట్టించిన మగ ఇంజనీరుకి ఎవరు చెప్తారు? ఫారం పట్టుకుని గారూ గారూ అంటూ వచ్చిన పిల్లకి మాత్రం ఎవరు చెప్తారు?

"నీకు తెలుసా అమ్మా ఇదంతా?"

"ఇందులో తెలవడానికేటున్నాది," అంది సత్యలక్ష్మి. ఆవిడ పాదం పీట మీద బిగిసింది, పార తల తెగి పడింది.

*

శనివారం సుప్రియ చెంబు పట్టుకునే ముందే కూర్చుంది. గొంతుక్కూర్చోవడం రాక బాసింపట్టు వేసుకుంది.

"మామ్మా, గట్టు మీద కత్తిపీట నిలవదు. అందుకే కదా వెళ్లడం లేదు?"

గారు పోయి మామ్మ వచ్చినందుకు అప్పలకొండమ్మ ఓసారి చూసింది. "ఎల్లేం కదా. మొదటిరోజు, రిబ్బను కోసినోలు ఎల్లిపోయినాక. బుల్లమ్మ ఎక్కి కూకున్నాది. రెండో సేపకి పీట జారిపోనాది. అరిసెయ్యి ఇలగ తెగిపోనాది."

బుల్లమ్మ ఎడం చేతికి గుడ్డ కట్టి ఉంది. సర్వే రోజున కూడా ఉంది.

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అవగాన ఉన్నాదా లేదా అనడిగేవు. ఎలాగ కూకుంతావు అని ఎవులూ అడగలేదు. అయినా మేం ఎలాగ కూకుంతామో కళ్లున్నోలందరికీ కనపడతన్నాది కదా పాపా, సెప్పడమేటి?" అని, గొంతు తగ్గించి అంది. "రెండోది సెప్పుకునేది కాదు. మగోల మొకాలకాడ మోకాళ్లెత్తుకుని బజార్లో కూకుంతామా?"

సుప్రియ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మొన్న నోటీసు నేను పూర్తిగా చదవలేదు. మధ్యలో ఒక పేరా వదిలేసేను. మీకు అవగాహన లేదని, మీకు మారడం ఇష్టం లేదని ఉంది అందులో. అది నేను రాసిన మాటే. దాన్ని చూపించే మీ గట్లు తీసేస్తున్నారు."

చివరున్నవాళ్లకి వినపడక పక్కవాళ్లని అడిగారు, మాట వరస వెంబడి చివరిదాకా వెళ్లింది. బుల్లమ్మ కత్తిపీట పక్కకి నెట్టి ఇటు తిరిగింది.

"ఆ రోజు నా సేతి కట్టు సూసేవు కదా. ఏటి రాసుకున్నావు?"

"చిన్న గాయం అని టిక్కు పెట్టేను."

"ఎలాగ తెగిందని అడిగేవా?"

"అడగలేదు."

"అయితే ఇక్కడెందుకు కూకున్నావు? లెగు."

సుప్రియ లేచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు. రోడ్డు దాటబోతుంటే అప్పలకొండమ్మ గొంతు వినిపించింది.

"సెంబు అక్కడెట్టి ఎల్లిపోతే నీల్లెవులొత్తారు? తప్పు సేసినోలంతా ఎల్లిపోతే పనెవులు సేత్తారు? రా."

ఆ రోజంతా సుప్రియ నీళ్లు పోసింది. బుల్లమ్మ ఆమెకేసి చూడలేదు. మధ్యాహ్నం బుట్టలు సర్దుకుంటూ ఆడవాళ్లు తమలో తాము గుసగుసలాడుకున్నారు. సుప్రియ తను సిద్ధం చేసుకున్న మాట చెప్పింది. సోమవారం ఇంజనీరుగారు వచ్చినప్పుడు వాళ్ల తరపున తను మాట్లాడుతుంది, అన్ని పాయింట్లూ రాసుకొస్తుంది.

"నువ్వు మాటాడొద్దు," అంది అప్పలకొండమ్మ.

"నా మీద నమ్మకం లేదా మామ్మా?"

"మాటలు మాకూ ఉన్నాయి. నువ్వింకోటి సెయ్యి. సోమారం సీర కట్టుకుని రా."

*

ఆ ఇంకోటి ఏమిటో విన్నాక సుప్రియ ఆదివారమంతా కుదురుగా ఉండలేకపోయింది. మహేశ్వరరావుకి ఫోన్ చేసింది. ఆయనైనా కాదంటాడేమోనని ఆశ.

"వాళ్లే నిర్ణయించేరా?"

"పన్నెండు మందీ కూర్చుని నిర్ణయించేరు సార్. వాళ్లే గట్టెక్కితే ఇంజనీరుగారు అలవాటైన మనుషులే కదా అనుకుంటాడట. చదువుకున్న పిల్ల ఎక్కితే చూస్తాడట."

"బుర్రలే వాళ్లవి," అన్నాడు మహేశ్వరరావు మెచ్చుకోలుగా. "నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. చెప్పే హక్కు నీకూ ఉంది. నేను మాత్రం వాళ్లని కాదని చెప్పను."

కశింకోట నుంచి మార్కెట్టుకి వచ్చేవాళ్లు ఎంతమంది, అందులో నాన్నని ఎరిగినవాళ్లు ఎంతమంది అని ఆలోచించింది. ఎవడో ఒకడు చూసి ఇంటికి మోసుకుపోకుండా ఉండడు. వాళ్లు నెల రోజులుగా తప్పించుకుంటున్నది కూడా ఇదే కదా అని అప్పుడు తోచింది. సాయంత్రం తల్లి నేత చీర ఒకటి అడిగి తీసుకుంది.

*

సోమవారం ఇంజనీరు త్రినాధరావు తొమ్మిదింటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఆదివారాలు ఇదే వరసలో చేపలు కొనుక్కునే మనిషి, షెడ్డుని చూసి మురిసిపోయే మనిషి కూడా. టైల్సు రంగు ఆయనే ఎంచాడు. వెంట ఒక గుమాస్తా, చేతిలో రద్దు కాగితాలు. చూడ్డానికి జనం పోగయ్యారు.

"ఏమమ్మా, ఇంత మంచి షెడ్డు కట్టిస్తే ఎండలో ఎందుకు మాడతారు? చెప్పి చెప్పి నా నోరు పోతోంది."

"వచ్చేం కదా బాబూ," అంది అప్పలకొండమ్మ. నిజంగానే పన్నెండు మందీ బుట్టలతో రోడ్డు దాటి వచ్చి నిలబడ్డారు. మొదటి గట్టు మీద కత్తిపీట పెట్టారు. పక్కన మంచి గులివింద ఒకటి. "మీకే సేప. ఈ పాప కోసిత్తాది."

సుప్రియ చెప్పులు విడిచి గట్టెక్కింది. ఎక్కడానికే ఇద్దరు చెయ్యందించాల్సి వచ్చింది. నున్నటి టైల్సు మీద గొంతుక్కూర్చుని, పీట మీద పాదం వేసింది. వెనక్కి జరిగితే పడిపోతుంది, ముందుకి జరిగితే కత్తి అంచుకి వస్తుంది. చీర మోకాళ్ల పైకి లాగి నొక్కుకోక తప్పలేదు, లేకపోతే పాదం అందదు. తలెత్తేసరికి ఎదురుగా, రెండు అడుగుల దూరంలో, తన మోకాళ్లకి సరిగ్గా ఎదురుగా త్రినాధరావు మొహం ఉంది. ఆయన వెనక గుమాస్తా మొహం, ఆ వెనక చాలా మొహాలు. చెవులు వేడెక్కిపోయాయి. చేప పట్టుకుని కత్తికేసి తోసింది. పీట కీచుమని జానెడు దూరం జారింది. పొలుసు ఎగిరి ఇంజనీరు కళ్లజోడుకి అంటుకుంది.

ఆయన పొలుసు తుడుచుకోలేదు. అప్పటికే మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. కుళాయి కేసి చూశాడు, రేకు కేసి చూశాడు, ఎక్కడ చూడాలో తెలియక చివరికి కింద తన బూట్ల కేసి చూశాడు. గుమాస్తా కూడా కాగితాల్లో తల దూర్చాడు.

"దిగమ్మా," అన్నాడు త్రినాధరావు మెల్లగా. "దిగు. చెయ్యి తెగుతుంది."

అప్పుడు అప్పలకొండమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు. "బుల్లమ్మది తెగింది బాబూ. సూపించే బుల్లమ్మా. టైల్సు బాగున్నాయి, కులాయి బాగున్నాది, మాకన్నీ కావాలి. ఎండలో కూకోడం మాకేటి సరదా? మజ్జి వరస గట్లు దించీండి. నేల మీద నీల్లు నిలవకండా ఇంత ఎత్తు సాలు." కుడి చెయ్యి చాపి బొటనవేలు, చిటికెనవేలు విప్పి చూపించింది. "జానెడు. పైన గరుకు రాయి. సేతికత్తితో నిలబడి కోసే కుర్రపిల్లలు మాలో ఉన్నారు, పక్క వరస ఆలకి ఉంచీండి."

"ఇది ముందే చెప్పొచ్చు కదమ్మా."

"మీరు వారం వారం నా ఎదురుగానే నిలబడి కోయించుకుంతారు. ఎలాగ కూకుంతానో సూడలేదా బాబూ?"

త్రినాధరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. గట్టిగా మాట్లాడతాడేమోనని సుప్రియ భయపడింది. ఆయన గుమాస్తా చేతిలోంచి రద్దు కాగితాలు తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత షెడ్డు చివరకి చూసి కేకేశాడు.

"అయ్యప్పా, కాలువ పని ఆపి ఇలా రా. ఈ వరస దించాలి. ముందు ఒకటి చేసి చూపించు, వీళ్లు బాగుందంటే మిగతావి."

మేస్త్రీ అయ్యప్ప టేపుతో వచ్చాడు. "జానెడంటే ఎంత సార్? తొమ్మిది ఇంచీలు ఏసుకోనా?" అని తన జాన గట్టు గోడకి ఆనించి గీత పెట్టబోయాడు.

"నీ జాన కాదు," అంది అప్పలకొండమ్మ. ముందుకి వచ్చి, బొటనవేలు నేలకి ఆనించి, పొలుసులంటిన తన చేతిని తెల్లటి టైలు కింద గట్టు గోడ వెంబడి నిలువుగా చాపి పట్టుకుంది. "ఇక్కడ గియ్యి."

అయ్యప్ప ఆమె చిటికెనవేలి చివర పెన్సిలుతో గీత గీశాడు.

*

గురువారం సుప్రియ వచ్చేసరికి మొదటి గట్టు దిగి ఉంది. గరుకు రాయి పరిచి, ముందుకి కాస్త వాలు ఇచ్చారు. బుట్టలు నీడలో ఉన్నాయి. కుక్క తన కాపురం మూడో వరసకి మార్చుకుంది. ఒకే గట్టు కాబట్టి వంతులు వేసుకున్నారు, మొదటి వంతు బుల్లమ్మది. మిగతావాళ్లు దాని చుట్టూ షెడ్డు నేలమీదే సర్దుకున్నారు. బ్లీచింగు మనిషి కాలువ అంచున పొడి చల్లి, అక్కడెవరూ లేరు గనక హాయిగా ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

స్తంభానికి నోటీసు ఇంకా ఉంది. సుప్రియ దాన్ని పీకుతుంటే బుల్లమ్మ పిలిచింది. శనివారం తర్వాత ఆమె మాట్లాడడం ఇదే.

"ఆ రెండో పేరా ఏటో, సదువు."

సుప్రియ నిలబడి చదివింది, ఈసారి ఒక్క ముక్క వదలకుండా.

"అవగాన లోపమంతే ఏటి?"

"కళ్లెదురుగా ఉన్నది తెలియకపోవడం."

బుల్లమ్మ పాదం పీట మీద సర్దుకుంది. గరుకు రాయి మీద పీట కదల్లేదు. చేప తల ఒక్క తోపుకి తెగింది. "అయితే అది మాకు కాదు కదా."

"కాదు."

"మరెవులికి?"

"నాకు."

"రాయి మరి," అంది బుల్లమ్మ.

సుప్రియ సంచిలో చూసింది. ఆ రోజు కూడా పెన్ను తెచ్చుకోలేదు. అయ్యప్ప చెవి మీదున్న పెన్సిలు అడిగి తీసుకుని, నోటీసు వెనక వైపు తన కొత్త రిపోర్టు మొదటి వాక్యం రాసింది. "సర్వే చేసిన వ్యక్తికి, విక్రేతలు కూర్చునే పద్ధతి పట్ల అవగాహన లోపం ఉన్నట్లు వెల్లడైనది." రాసినది పైకి చదివి వినిపించింది. అప్పలకొండమ్మ వక్క నములుతూ తలూపింది.

బుల్లమ్మ కోసిన ముక్కలు ఆకులోకి ఎత్తి, కట్టు విప్పేసిన ఎడం చేత్తో సుప్రియ ముందుకి తోసింది.

"ఇయ్యి కోసినయ్యే," అంది. "మీయమ్మకియ్యి."